ఊదుగొట్టానికి ఎంగిలి లేదు

మొన్న బిలాస్‌పూర్ వెళ్లినప్పుడు మా తమ్ముడి మనవరాలు శ్రేయ ఒక ఇనప గొట్టం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "బడీ దాదీ, యే కౌన్‌సా ఇన్‌స్ట్రుమెంట్ హై? ఒక్క హోల్ కూడా లేదు, ఫ్లూట్ అయితే కాదు" అంది. సర్కండాలో పాత ఇల్లు అమ్మేసి రాజ్‌కిశోర్ నగర్‌కి మారినప్పుడు అటక మీద దొరికిందట. మూరెడు పొడవు, ఒక కొన సన్నం, రెండో కొన మసిబారి నల్లగా ఉంది. ఆ పిల్ల కాలేజీ బ్యాండులో శాక్సఫోన్ వాయిస్తుంది కాబట్టి గొట్టంలా కనిపించిందల్లా దానికి వాయిద్యమే. నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఇదే ప్రశ్న మా ఇంట్లో ఒకసారి తిరగేసి అడిగారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా మామ్మ ఒక శాక్సఫోన్‌ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "ఇదేటే, ఈ ఊదుగొట్టం ఇలగ వొంగిపోనాది?" అంది.

ఆ ఉదయమే శ్రేయ స్నేహితురాలొకతె వచ్చి, ఒక్కసారి ఊది చూస్తానని శాక్సఫోన్ అందుకోబోతే ఈ పిల్ల గబుక్కున లాక్కుంది. "నో నో, మౌత్‌పీస్ ఎవరికీ ఇవ్వను. జూఠా అయిపోతుంది యార్" అని, అంటే ఎంగిలవుతుందని, ఎవరి నోరూ తగలని దాన్ని కూడా ఒక తడి కాగితంతో తుడిచి పెట్టెలో పెట్టి తాళం వేసింది. తెలుగు చదవడం రాదు, తెలుగులో పట్టుమని పది మాటలు హిందీ లేకుండా మాట్లాడలేదు, కానీ మా మామ్మ మాత్రం అచ్చుగుద్దినట్టు దిగిపోయింది. ఆ గొట్టం ఏమిటో చెప్పాలంటే ముందు మామ్మ గురించి చెప్పాలి.

బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టరు లోకో షెడ్డుకు వెనక ఉండేది. తాత షెడ్డులో బాయిలర్ మిస్త్రీ, నాన్న గూడ్స్ గార్డు. మామ్మ శ్రీకాకుళం అవతల నుంచి చిన్నపిల్లగా కాపురానికి వచ్చింది. రైలు దిగేటప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక గంగాళం, ఒక శాసనం తెచ్చుకుంది. పెట్టె తుప్పు పట్టింది, గంగాళానికి మాట్లు పడ్డాయి, శాసనం మాత్రం చెక్కు చెదరలేదు. ఆ శాసనం పేరు ఎంగిలి. మా ఇంట్లో నీళ్లు తాగాలంటే తల వెనక్కి వాల్చి, చెంబు ఆకాశానికెత్తి, గొంతులోకి ధార పోసుకోవాలి. పెదవి తగిలిందా, చెంబు బూడిదలోకి, మనం చీవాట్లలోకి. పిల్లలందరం జామకాయ మీద గౌను చెంగు కప్పి కొరికి, కాకెంగిలి కాబట్టి తప్పులేదని పంచుకునేవాళ్లం కదా, మామ్మ దాన్నీ ఒప్పుకునేది కాదు. "కాకికి పళ్లున్నాయేటే? మీకున్నాయి కదా!" అనేది. తాత షెడ్డులో పదిమందితో కలిసి ఒకే మగ్గులో చాయ్ తాగేవాడు. ఇంటి మలుపు దగ్గర కుళాయి కింద పుక్కిలించి, మీసాలు తుడుచుకుని, ఏమీ తెలియనివాడిలా వచ్చేవాడు. మామ్మ గుమ్మంలోనే వాసన పట్టేసేది. "ఎవులి మగ్గు?" అని ఒక్క మాట అడిగేది. తాత "అచ్ఛా, అన్నం ఎట్టు" అని మాట మార్చేవాడు.

పొయ్యి వెలిగించే పని సత్తెమ్మత్తది. నాన్నకు చెల్లెలు, అసలు పేరు సత్యవతి. షెడ్డు నుంచి వచ్చే రాక్షసబొగ్గు అంత తొందరగా అంటుకునేది కాదు. తెల్లవారేసరికి కాలనీ మొత్తం పొగ, ఆడవాళ్ల దగ్గులు, పచ్చి బొగ్గు వాసన, ఆ వాసనలోంచే మెల్లగా మినపరొట్టె వాసన. అందరిళ్లలోనూ అరగంట పట్టే పొయ్యి మా ఇంట్లో చిటికెలో రాజుకునేది, ఎందుకంటే అత్త ఊపిరి అలాంటిది. ఊదుగొట్టం నోటికి పెట్టుకుంటే షెడ్డులో ఇంజన్ స్టీము వదిలినట్టే. ఊరికే ఊదితే విసుగని నాలుకతో గాలిని కొట్టి తుంచేది. "తుక్కు తుక్కు తూ, తుత్తుక్కు తూ" అని ఆ గొట్టం ఒక్క గొంతుతోనే రకరకాలుగా పలికేది. నేను పీట మీద కూర్చుని తొడ మీద దరువు వేసేదాన్ని. మామ్మ కూర తరుగుతూ తనకు తెలియకుండానే ఆ దరువుకి కత్తిపీట నడిపేది.

అత్త పుట్టింట్లో ఉండడానికి కారణం ఉంది. ఆమె భర్త ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్. యుద్ధానికి రైలు పనివాళ్లు కావాలంటే పేరు ఇచ్చి, సముద్రం దాటి ఎక్కడికో వెళ్లాడు. మొదట్లో కబుర్లు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. తపాలా బంట్రోతు సైకిల్ గంట వినిపిస్తే అత్త చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి గుమ్మంలోకి వెళ్లేది. కాగితం రంగును బట్టి తంతో, ఉత్తరమో దూరం నుంచే పోల్చుకునేది. సైకిల్ ముందుకు వెళ్లిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడేది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

మా వెనక గోడకి అవతల బంగ్లాలో డోరతీ అనే ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఉండేది. మామ్మ ఆమెను "దొరతమ్మ" అని పిలిచేది. ఆవిడ ఇన్‌స్టిట్యూట్‌లో పియానో వాయించేది. ఇన్‌స్టిట్యూట్ అంటే రైల్వే ఆఫీసర్లూ డ్రైవరు దొరలూ డాన్సులాడే హాలు, నున్నటి చెక్క నేల మీద పౌడరు చల్లి మరీ ఆడేవారు. బ్యాండులో మగవాళ్లంతా యుద్ధానికో, మిలిటరీ స్పెషల్ రైళ్ల డ్యూటీకో పోయారు. డాన్సులు మాత్రం ఆగకూడదు కదా. డోరతీ తన చెల్లెలిని డ్రమ్ముల దగ్గర కూర్చోబెట్టింది, బడి టీచరమ్మ చేతికి ఫిడేలు ఇచ్చింది. ఆమె తమ్ముడి శాక్సఫోన్ ఒక్కటే పెట్టెలో పడుకుని ఉంది. చెల్లెలు ఊదితే కళ్లు తిరిగి పడిపోయింది, టీచరమ్మ ఊదితే పిల్లి ఏడ్చినట్టు వచ్చింది. అలాంటప్పుడు ఒక ఉదయం డోరతీ గోడ మీంచి తల పెట్టి, "సత్తీ, తుమ్ క్యా బజాతా హై? కౌన్‌సా బాజా?" అని అడిగింది. అత్త ఊదుగొట్టం ఎత్తి చూపించింది. డోరతీ తమ్ముడి శాక్సఫోన్ నేర్పుతానని ఆ మధ్యాహ్నమే ఆమెను బంగ్లాకు రమ్మంది.

అలా మధ్యాహ్నాలు అత్త గోడ అవతలికి వెళ్లడం మొదలైంది. మామ్మతో అబద్ధం ఆడలేదు. "జాజ్ నేర్చుకుంతన్నానమ్మా" అని ఉన్నమాటే చెప్పింది. మామ్మకు అది "జాజి" అని వినబడింది. దొరతమ్మ పెరట్లో జాజి పందిరి ఉన్నమాట నిజం. దొరసానులు గుత్తులు కట్టడంలో పనిమంతులని విన్నదీ నిజం. "నేర్చుకో, నేర్చుకో. వొచ్చినప్పుడు నాకో మూరెడు తే" అంది. ఆ వర్షాకాలమంతా అత్త వాయిద్యం నేర్చుకుని, తిరిగి వస్తూ హడావిడిగా పూలు కోసుకుని ఒక మూర కట్టి తెచ్చేది. మామ్మ ఇరుగుపొరుగుతో "మా సత్తెమ్మ జాజి బాగా నేర్సింది" అని గొప్పగా చెప్పుకునేది. ఒకావిడ "జాజి నేర్సుకోడానికేటుంతాది?" అంటే, "నీకేటి తెలుసు, దొరల పద్ధతి వేరు" అని నోరు మూయించేది.

చలికాలం వచ్చింది, పందిరి ఎండింది, అత్త వెళ్లడం మాత్రం ఆగలేదు. పైగా ఎక్కువైంది, ఎందుకంటే ఇన్‌స్టిట్యూట్‌లో పెద్ద డాన్సు దగ్గర పడింది. వట్టి చేతులతో తిరిగొచ్చే కూతుర్ని మామ్మ రోజూ ఎగాదిగా చూసేది. డాన్సుకు ముందురోజు నా చెయ్యి పట్టుకుని, "పద గుంటా, ఈ పూత నేని జాజేటో సూసొద్దుము" అని బంగ్లాకు బయలుదేరింది. మేము వరండా ఎక్కేసరికి లోపల అత్త, చీర చెంగు నడుముకు దోపుకుని, మెరిసే వంకర గొట్టమొకటి మెడకు తగిలించుకుని, బుగ్గలు పొంగించి ఊదుతోంది. నేను ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. మామ్మ అత్తను తిట్టలేదు, డోరతీని తిట్టలేదు. గొట్టం కొనకేసి వేలు చూపించి, "అది ఎవులి నోట్లో ఎట్టింది?" అని మాత్రం అడిగింది.

డోరతీ ఎంతో మంచిగా "మై బ్రదర్" అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ జరిగింది. అత్త వెంట తెచ్చిన శాక్సఫోన్ మధ్యలో చాప మీద ఉంది. నాన్న "నలుగురూ ఏటనుకుంతారు?" అని మొదలెట్టాడు. మామ్మ విసుక్కుంది. "నలుగురొచ్చి మనింట పొయ్యి ఎలిగిస్తారేటి? ఆడది వీణ వాయించదా, ఇదీ వాయిస్తాది. దొరల ముందు వాయిస్తే దొరలే ఇంతారు. అది కాదు నా బాధ. పరాయి మొగోడి ఎంగిలి నా కూతురు నోట్లో ఎట్టుకుంతాదేటి? రేపు అల్లుడొస్తే నానేటి సెప్పాల?" అంది. అంతలో ఆమె కన్ను గొట్టం కొనకు కట్టి ఉన్న సన్నటి వెదురు బద్ద మీద పడింది. ఊదితే మోగేది ఆ బద్దే. మామ్మ దాన్ని చూసి, "ఓలమ్మో! నాలికబద్ద కూడా ఇందలే ఎట్టుకున్నాడేటి!" అని కెవ్వుమంది. అది నాలుక గీసుకునే బద్ద కాదని చెప్పేలోపే పట్టకారుతో పీకి పొయ్యిలో పడేసింది.

అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. కాపాడినవాడు తాత. ఎంగిలి విషయంలో పెళ్లినాటి నుంచీ ఓడిపోతూ వచ్చిన మనిషి కాబట్టి, చట్టంలో సందులన్నీ ఆయనకు తెలుసు. "ఒలే, ఒక మాట సెప్పు. ఊదుగొట్టం నువ్వు ఊదుతావు, నీ కూతురు ఊదుతాది, పక్కింటోళ్లు పట్టుకెళ్లి ఊదుతారు. దానికి ఎంగిలుందేటి?" అన్నాడు. మామ్మ వెంటనే "ఊదుగొట్టానికి ఎంగిలి నేదు. గాలి ఎల్తాది గానీ రాదు కదా" అంది. "అచ్ఛా. మరి ఇదేటి?" అని శాక్సఫోన్ చూపించాడు. మామ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి, ముందూ వెనకా చూసి, మొదట్లో నేను చెప్పిన ఆ 'వొంగిపోనాది' మాట అంది. తాత "వొంగినా ఊదుగొట్టమే" అన్నాడు. మామ్మ దాన్ని మళ్లీ ఒకసారి తిరగేసి చూసింది. చివరికి, "ఊదుగొట్టమే అయితే ఊదుగొట్టంలాగే తోమాల. నానే తోముతాను" అని తీర్పు చెప్పింది. అత్త లేచి ఆమెను కావలించుకోబోతే, "ఉండు, ముందు తోమనీ" అని చేత్తో ఆపేసింది.

ఆ తోమడం నేను చూశాను. గంగాళంలో వేడినీళ్లు, చింతపండు గుజ్జు, జల్లించిన బూడిద. మామ్మ పండక్కి కుందులు తోమినట్టు తోమింది. కాదు, అంతకంటే ఎక్కువ, ఎందుకంటే కుందులకు ఇన్ని మూతలూ మీటలూ ఉండవు. ప్రతి మూత ఎత్తి లోపల పీచు దూర్చింది. గొట్టంలోకి కాడకు గుడ్డ చుట్టి పోనిచ్చింది. తెల్లారేదాకా నీళ్లలో నానబెట్టింది. ఉదయం తీసేసరికి అది నిజంగా బంగారంలా ఉంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, పీట మీద ఆనించి, డోరతీని గర్వంగా పిలిపించింది.

డోరతీ ఒక మూత నొక్కి చూసింది. మూత కింద నుంచి చింతపండు నీళ్లు చుక్కలుగా కారాయి. ఆవిడ పీట మీదే కూలబడి, మూతల కింద మెత్తటి తోలు బిళ్లలుంటాయని, అవి ఉబ్బిపోతే గాలి కారిపోయి ఏమీ మోగదని హిందీలో ఏడుస్తూ చెప్పింది. నాన్న దాన్ని తెలుగులో చెప్పాడు. మామ్మ విన్నది ఒక్క మాటే. "తోలా? నా గంగాళంలో తోలు తోమినానా!" అని అప్పటికప్పుడు కుళాయి కిందికెళ్లి, చన్నీళ్లు నెత్తిన పోసుకుంది. ఆ చలిలో వణుకుతూ తిరిగొచ్చేసరికి అత్త శాక్సఫోన్ ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. అల్లుడి కబుర్లు ఆగిపోయిన రోజుల్లో కూడా అత్త అలా ఏడవడం మేమెవరమూ చూడలేదు.

"దీనికోసం ఇంత ఏడుపేటే? మళ్లీ ఎప్పుడైనా వాయిద్దువు" అంది మామ్మ.

"ఇది ఊదినంతసేపే అమ్మా, నాకు సైకిల్ గంట ఇనిపించదు. మిగతా రోజంతా ఇనిపిస్తనే ఉంతాది. సైకిల్ రాకపోయినా ఇనిపిస్తాది" అంది అత్త.

మామ్మ తడిబట్టల్లోనే నిలబడి ఉంది. ఆ మాటకు ఆమె మొహం ఎలా అయిందో ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. ఇంటిల్లిపాదికీ తెలిసి ఎవరూ అనని మాట అది. మామ్మ చీర కూడా మార్చుకోకుండా పొయ్యి ముందు కూర్చుంది. నిప్పుల మీద బూడిద కప్పి, శాక్సఫోన్‌ని తొట్టెలో పిల్లను ఊపినట్టు పైన తిప్పుతూ, ఊదుగొట్టంతో మూత మూతకీ గోరువెచ్చటి గాలి ఊదడం మొదలుపెట్టింది. కూర మాడింది, నాన్న ఆకలితో డ్యూటీకి వెళ్లాడు. తాత షెడ్డు నుంచి తోలు ముక్కలు తెచ్చి, మరీ పాడైన బిళ్లలు కత్తిరించి వేశాడు. తోలు నోటికి దగ్గరగా పెట్టుకుని ఊదుతున్న మామ్మను చూసి ఆయనకు నవ్వొచ్చింది, ప్రాణభయంతో ఆపుకున్నాడు. డోరతీ కొత్త వెదురు బద్ద కట్టి ఇచ్చింది. పొద్దువాలేసరికి అత్త ఊది చూసింది. పై స్వరాలు నాలుగైదు పలికాయి. కిందికి దిగితే ఉత్త గాలి, దానికి తోడు కాస్త చింతపండు వాసన. బాగుచేసే వేళ లేదు, డాన్సుకు వేళైంది.

మేమంతా ఇన్‌స్టిట్యూట్ వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాం. లోపలికి మాకు ప్రవేశం లేదు. మామ్మ తన నీళ్ల చెంబు వెంట తెచ్చుకుంది. దొరల కుళాయిలో నీళ్లు తాగదు కదా. లోపల దీపాల కింద డోరతీ పియానో దగ్గర, చెల్లెలు డ్రమ్ముల దగ్గర, టీచరమ్మ ఫిడేలుతో, చివర మా అత్త ఎర్రంచు చీరలో, మెడలో బొట్టు పెట్టిన శాక్సఫోన్‌తో. మొదటి పాటలో అత్త కిందికి దిగబోయి తడబడింది, బుస్సుమని గాలి వచ్చింది. ఒక దొర వెనక్కి తిరిగి చూశాడు. మామ్మ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. అత్త ఆగింది. మా వైపు చూసింది. తర్వాత కిందికి దిగడమే మానేసింది. ఒక్క స్వరాన్నే పట్టుకుని, నాలుకతో తుంచి, "తుక్కు తుక్కు తూ, తుత్తుక్కు తూ" అని మొదలెట్టింది. ఒక్క గొంతున్న గొట్టంతో ఇన్నేళ్లు పాటలు కట్టిన మనిషికి నాలుగైదు స్వరాలంటే పెళ్లివిందు. డ్రమ్ములమ్మాయి ఉలిక్కిపడి ఆ దరువు అందుకుంది. డోరతీ నవ్వుతూ వెనకాల వచ్చింది. అంతే, డాన్సు చేసేవాళ్ల కాళ్లు ఆగలేదు. మా ఇంట్లో పొయ్యి వెలిగించే పాటకు బిలాస్‌పూర్ దొరలందరూ చెమటలు కక్కుతూ గెంతారు. పాట అయ్యాక ఒక పెద్ద దొర వచ్చి, ఇది కలకత్తాలో కొత్తగా వచ్చిన పద్ధతా అని అడిగాడు. డోరతీ కొంచెం కూడా తడుముకోకుండా అవునంది. మామ్మ మాత్రం కిటికీ ఇవతల అందరికీ వినబడేలా "నా సింతపండు" అంది.

విరామంలో అత్త వరండాలోకి పరిగెత్తుకొచ్చింది. మొహమంతా చెమట, పెదవులు ఎర్రగా కందిపోయాయి. "నీల్లు, అమ్మా" అని మామ్మ చేతిలో చెంబు లాక్కుని, ఎత్తి పోసుకోవాలన్న మాటే మరిచిపోయి, మూతి ఆనించి గటగట తాగేసింది. సగంలో గుర్తొచ్చింది. చెంబు దించి, కళ్లు ఇంతింత చేసుకుని మామ్మను చూసింది. అది ఎవరి పెదవీ ఏనాడూ తగలని చెంబు. మామ్మ చెంబు తీసుకుంది. లోపల మిగిలిన నీళ్లు చూసింది. తర్వాత తల వెనక్కి వాల్చకుండా, చెంబు ఎత్తకుండా, అత్త పెదవులు తగిలిన అంచుకే తన పెదవులు ఆనించి ఆ నీళ్లు తాగింది. తాగి, "బేగి ఎల్లు, ఆల్లు పిలుస్తన్నారు" అంది.

అత్త ఆ తర్వాత చాలా డాన్సులకు వాయించింది. యుద్ధం అయిపోయింది. భర్త చిక్కి శల్యమై తిరిగొచ్చాడు. అత్త ఆ రోజు ఇంకెప్పుడూ లేనంతగా నవ్వింది. డోరతీ తమ్ముడూ తిరిగొచ్చాడు, బ్యాండులో మగవాళ్లందరూ తిరిగొచ్చారు. ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. మీరు దిగిపోండి అని ఆడవాళ్లతో ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమే రాలేదు. టీచరమ్మ బడికి పోయింది, డ్రమ్ములమ్మాయి పెళ్లి చేసుకుంది, డోరతీకి మాత్రం పియానో మిగిలింది. శాక్సఫోన్ పెట్టెలో పెట్టి గోడ అవతలికి అందించిన రోజు అత్త వంటింట్లోకి వెళ్లి చాలాసేపు పొయ్యి ఊదింది. పొయ్యి అప్పటికే మండుతోంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ అత్త నలుగురు పిల్లల తల్లయ్యాక కూడా, గ్యాసు వచ్చేదాకా, ఆ వాడలో తెల్లవారుజామున "తుక్కు తుక్కు తూ" వినబడేది. ఇప్పుడు శ్రేయను కాలేజీలో కుర్చీ దిగమని ఎవరూ అనరు. అనేవాళ్లుంటే ఈ పిల్ల వాళ్లను హిందీలో కడిగేస్తుంది, చింతపండు కూడా అక్కర్లేదు.

కథంతా విని శ్రేయ, "అచ్ఛా, ఒకసారి ఊది చూపించండి" అంది. ఎనభై దాటిన ఊపిరి నాది. నోటికి పెట్టుకుని ఊదితే ముందు దుమ్ము వచ్చింది, తర్వాత దగ్గు, చివరికి సన్నగా ఒక తూ. శ్రేయ చెయ్యి చాపింది. దాని తడి కాగితాల పెట్టె పక్కనే బల్ల మీద ఉంది. ఒకటి తీసి తుడుచుకుంటుందని గొట్టం అలాగే పట్టుకుని ఆగాను. అది గొట్టం లాక్కుని, నా పెదవులు ఆనిన చోటే తన పెదవులు ఆనించి ఊదింది. మూతి చుట్టూ మసి అంటింది.

"దాదీ, ఇందులో ఒకటే నోట్ ఉంది" అంది.

"మా అత్తకీ ఒకటే ఉండేదే" అన్నాను.

"అచ్ఛా" అని, నాలుకతో తుంచి మళ్లీ ఊదింది.